కొలతలు కనబడటం లేదు

చిరంజీవి బావమరిదికి,

మీ బావ ఆశీస్సులు. ఉభయకుశలోపరి అని రాయడం ఆనవాయితీ. నువ్వు కులాసాగానే ఉండుంటావు, నీకేం. ఇక్కడ కులాసా లేదు కాబట్టి ఆ మాటలో నా సగం కొట్టేసి చదువుకో.

ఫోనుండగా ఉత్తరమేమిటని నవ్వకు. మొన్న నీతో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు నా ఎదురుగా ఒక పెద్దాయన నోరు తెరుచుకుని కూర్చున్నాడు. కింది పళ్ళ సెట్టు సరిగ్గా కూర్చుందో లేదో చూపుడు వేలు పెట్టి చూస్తున్నాను. నా కంప్యూటరు గోల చెబితే నువ్వు తాపీగా "అది మామూలే బావగారూ" అన్నావు. నేను అరిచాను. ఆయన ఉలిక్కిపడి నోరు మూసేశాడు. నేను కట్టే పళ్ళు ఎంత గట్టివో ఆ రోజు నా వేలికే తెలిసొచ్చింది. ఇక మనిద్దరి మధ్యా ఫోను వద్దని మీ అక్క కట్టడి చేసింది. నాకూ అదే నయమనిపించింది. ఫోనులో అయితే నువ్వు నాలుగు ఇంగ్లీషు ముక్కలు పడేసి జారుకుంటావు. కాగితం మీద జారుకోలేవు. నీ ప్రతి ముక్కా దాచి ఉంచుతాను.

ఇక అసలు సంగతి. నా కట్టుడు పళ్ళ వర్క్‌షాపులో అలమారాల నిండా ప్లాస్టరు అచ్చులుండేవి. ఊళ్ళో పళ్ళూడిన ప్రతి మనిషి దవడా అక్కడ ఉండేది. "ఈ దవడల మధ్య ఎలా ఉంటున్నారు బావగారూ, అన్నీ కంప్యూటర్లో పెట్టేద్దాం" అన్నదెవరు? నువ్వు. స్కానరు కొనిపించిందెవరు? నువ్వు. అచ్చులన్నీ బస్తాల్లోకెత్తించి పారబోయించిందెవరు? అదీ నువ్వే. ఇప్పుడు ఆ నోళ్ళన్నీ నువ్వు బిగించిన ఒక్క పెట్టెలో ఉన్నాయి. పెట్టెకేమైనా అయితే నాకు మిగిలేది ఖాళీ అలమారాలు.

ఆ పెట్టె ఇప్పుడేం చేస్తోందో విను. పొద్దున్నే స్విచ్చి వేస్తానా, ఇంకా బొమ్మ కూడా రాకముందే అంబులెన్సు లాగా కూత మొదలెడుతుంది. స్క్రీను మీద పెద్దపెద్ద అక్షరాలతో, "కొలతలు కనబడటం లేదు. పని ఆపండి." పళ్ళు చెక్కే మిషనుకి దానంతటదే తాళం పడిపోతుంది. కాసేపటికి మామూలుగా తెరుచుకుంటుంది. చూస్తే కొలతలన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. రోజూ ఇదే తంతు. ఉన్నవాటిని లేవని ఏడిచే కాపలాదారుని నువ్వు ఎక్కడి నుంచి పట్టుకొచ్చావు?

మొన్న సరిగ్గా ఆ వేళకి దంతాల ఆసుపత్రి పెద్ద డాక్టరు వర్క్‌షాపుకి వచ్చాడు. కూత విన్నాడు. స్క్రీను చదివాడు. "మా పేషెంట్ల కొలతలేనా కనబడనివి?" అని అడిగాడు. ఇంకోసారి ఇలా జరిగితే పనంతా పక్క వీధి వాడికి ఇచ్చేస్తానన్నాడు. పక్క వీధి వాడంటే ఎవరు? నా దగ్గర ప్లాస్టరు కలపడం నేర్చుకుని నా కళ్ళ ముందే పక్క వీధిలో బోర్డు కట్టినవాడు. ఆ ఆసుపత్రి పనే లేకపోతే నా వర్క్‌షాపు మూతపడుతుంది. మూతపడితే నేను వాడి దగ్గరికి పోయి ప్లాస్టరు కలపాలి. ఈ రెండు ముక్కలూ బుర్రకెక్కించుకుని జవాబు రాయి.

నీ పళ్ళు రాలగొట్టాలనే ఉంది. రాలగొడితే బంధుత్వం కొద్దీ మళ్ళీ నేనే ఊరికే కట్టిపెట్టాలి కదా అని ఆగాను.

ఇట్లు,
వేలికి కట్టుతో,
మీ బావ

తాజా కలం: తమ్ముడూ, ఉత్తరం పోస్టు చేసేది నేనే కాబట్టి విప్పి చదివాను. డాక్టరు అన్న మాట నిజమే. మీ అరుపులు అయ్యాక ఎవరో ఒకరు ఆ పెట్టె మూత తీసి చూడండి. వేలు కరిచిన పెద్దాయనకి మాత్రం సెట్టు చాలా నచ్చింది. - అక్క


పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది. కవరు మీద నా చిరునామా కూడా కోపంగానే రాశారు, కాగితం చిరిగింది.

నేను ఆఫీసులో ఒక హాలు నిండా కంప్యూటర్లు చూస్తాను. అవన్నీ నోరెత్తకుండా నా మాట వింటాయి. పెళ్ళాం తరఫు వాడు పెట్టాడన్న కోపం మనసులో పెట్టుకుని స్విచ్చి వేస్తే ఏ పెట్టె అయినా కూస్తుంది. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను. మిషను పని తెలిసిన మీకు ఇది అర్థం కాకపోదు.

స్విచ్చి వేయగానే కంప్యూటరు నేరుగా తన ఇంట్లోకి వెళ్ళిపోదు. అందులో నేను పెట్టిన లినక్స్ అనే సాఫ్ట్‌వేరు పద్ధతి అది. ముందు ఒక చిన్న గదిలో నిద్ర లేస్తుంది. అది నిజం గది కూడా కాదు, మెమరీలో అప్పటికప్పుడు వేసుకున్న డేరా. అందులో నాలుగు పనిముట్లుంటాయి. వాటితో అసలు ఇల్లెక్కడుందో వెతికి, తలుపు తీసి, లోపలికి వెళ్ళి, డేరా పీకేస్తుంది. మీ పెట్టెలో ఆ డేరా సామానంతా ఒక చిన్న చిప్పులో ఉంది. అసలు ఇల్లు, మీ దవడలతో సహా, పెద్ద డిస్కులో ఉంది.

కాపలాకి నేనొక స్క్రిప్టు, అంటే కంప్యూటరుకి నాలుగు పంక్తుల ఆజ్ఞలు, రాసి పెట్టాను. అది ఉండాల్సింది ఇంట్లో. మొన్నటి అప్‌డేటులో దాని నకలు డేరాలోకి కూడా చేరింది. ఇక చూసుకోండి. డేరాలో లేచి నాలుగు దిక్కులా చూస్తుంది. దవడలు లేవు. అక్కడెందుకుంటాయి? కానీ తానున్నది డేరా అని దానికి తెలియదు. ఇల్లు దోచేశారనుకుని గావుకేక పెడుతుంది. అక్కడి నుంచి దాన్ని తీసేయొచ్చు కదా అంటారు. తీసేసినా వచ్చే అప్‌డేటులో మళ్ళీ చేరుతుంది. ముందు తానెక్కడున్నదీ తేల్చుకుని తరువాత అరవడం దానికి నేర్పాలి. మందు అదొక్కటే.

కొందరు మనుషులూ అంతే కదా. నిద్ర లేచి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, దిండు పక్కనున్న కళ్ళజోడు ఎవరు తీశారని ఇల్లెగరగొడతారు. స్క్రిప్టు చేస్తున్నది సరిగ్గా అదే.

కవర్లో పెన్‌డ్రైవు పెడుతున్నాను. పెట్టెకి గుచ్చి ఒకసారి స్విచ్చి ఆపి వేయండి. స్విచ్చి వేసిన కొంతసేపటి దాకా డేరాలోనే ఉన్నానని అనుకో, నోరెత్తకు, ఆ తరువాతే వెతుకు అని రాశాను. దీంతో మీ బాధ తీరుతుంది, నాదీ తీరుతుంది.

ఇట్లు,
మీ మేలు కోరి మాట పడే,
బావమరిది

తాజా కలం: పెన్‌డ్రైవు గుచ్చేటప్పుడు అటు పట్టకపోతే ఇటు తిప్పండి. ఇటూ పట్టకపోతే మళ్ళీ అటే తిప్పండి. సుత్తి వాడకండి. పోయినసారి వాడారని అక్క చెప్పింది.


బావమరిదికి,

ఆశీస్సులు ఈసారి రాయడం లేదు. కోపం తగ్గాక విడిగా పంపుతాను.

నా కళ్ళజోడు సంగతి నీకెవరు చెప్పారు? నా పడకగదిలో నేను నిద్ర లేచి ఏం వెతుక్కుంటే నీకెందుకు? మీ అక్కని నిలబెట్టి అడిగాను. "వాడు ఎవరి గురించో రాశాడు, మీ గురించని మీరెందుకనుకున్నారు" అంది. అందుకని కోపం ఇంకా పెరిగింది. నీకు ఉపమానం కావాలంటే నీ ఇంట్లోంచి తెచ్చుకో. పొద్దెక్కేదాకా ముసుగు తన్ని పడుకునేవాడివి, నువ్వా నిద్ర లేవడం గురించి రాసేది.

నీ పెన్‌డ్రైవు గుచ్చాను. సుత్తి వాడలేదు. స్విచ్చి వేశాను. పెట్టె కూయలేదు. సరే, ఒకసారికి మాట నిలబెట్టుకున్నాడనుకుని పనిలో పడ్డాను. ఒక రిటైరైన హెడ్మాస్టరు వచ్చాడు. కొలత ముద్ద ట్రేలో పెట్టి ఆయన పై దవడకి అదిమిపట్టాను. గట్టిపడేదాకా కదలకూడదండీ అని చెప్పాను. సరిగ్గా అప్పుడు నీ స్క్రిప్టుకి మెలకువ వచ్చింది. ఆ కూతకి హెడ్మాస్టరు కుర్చీలోంచి లేచి, నోట్లో ట్రేతోనే వీధిలోకి పరుగెత్తాడు. నేను వెనకాల పరుగెత్తాను. వీధి మలుపులో దొరికాడు, కానీ అప్పటికే ముద్ద రాయిలా బిగిసిపోయింది. తీయడం నా వల్ల కాక ఇంటికి తీసుకెళ్ళి దిగబెట్టి, పనిముట్లు తెచ్చుకుని మళ్ళీ వెళ్ళాను. ఆయన భార్య తలుపు తీసి, విషయం విని, "ఇంకాస్త సేపు ఉంచితే ఏమైనా నష్టమా" అని అడిగింది.

నవ్వావా? నవ్వు. ఆయన తిన్నగా ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరుకి నా మీద ఫిర్యాదు చేశాడు. ఫిర్యాదు చేయడానికి ఆయనకి నోరు వచ్చింది నేను ట్రే ఊడదీశాను కాబట్టే, అంటే తప్పు నాదే.

ముందేమో స్విచ్చి వేయగానే ఒక్క కూత కూసి ఊరుకునేది. నేను చెవుల్లో దూది పెట్టుకుని కాచుకునేవాడిని. ఇప్పుడది ఎప్పుడు కూస్తుందో ఆ పెట్టెకే తెలియదు. రోగం కుదర్చమంటే నువ్వు రోగానికి వేళాపాళా లేకుండా చేశావు.

తానెక్కడున్నదీ తెలియని స్క్రిప్టు రాసినవాడికి తానేం చేస్తున్నదీ తెలుసునా అని నా అనుమానం.

ఇట్లు,
ఇంకా బావనే అయిన,
మీ బావ

తాజా కలం: తమ్ముడూ, నిన్న నేనే ఆసుపత్రికి వెళ్ళి పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చాను. ఆయనేమన్నారని మీ బావ అడగలేదు. నువ్వైనా అడుగుతావేమోనని రాస్తున్నాను. - అక్క


బావగారికి,

నమస్కారాలు. ఆశీస్సులు విడిగా పంపుతానన్నారు, తొందరేం లేదు.

హెడ్మాస్టరుగారు నోట్లో ట్రేతో పరుగెత్తడానికి నేను రాసిన నాలుగు పంక్తులు కారణమా? మీ డిస్కు కారణం. మూలిగి మూలిగి తలుపు తీస్తుంది. మామూలు కంప్యూటరు చిటికెలో డేరా దాటేస్తుంది. మీది అక్కడే కాళ్ళు బారజాపుకుని కూర్చుంటుంది. నేనిచ్చిన గడువు అయిపోయినా డేరాలోనే ఉంది. గడువయింది కాబట్టి ఇంట్లో ఉన్నాననుకున్న స్క్రిప్టు, దవడలు లేవని అరిచింది. కొత్త డిస్కు కొనండని చెప్పాను. "ఇది తిరుగుతోందిగా" అన్నారు. తిరుగుతోంది. అలా తిరిగీ తిరిగీ హెడ్మాస్టరుగారిని కూడా వీధిలో తిప్పింది.

నా స్క్రిప్టుని ఏమన్నా పడతాను, నన్నంటే పడను. ఆఫీసులో నా వెనక పదిమంది పనిచేస్తారు. వాళ్ళలో ఎవడూ నా నిద్ర గురించి మాట్లాడడు.

ఈసారి గడియారంతో పనిలేకుండా రాశాను. చాలా సూటిగా ఉంటుంది, మీకూ అర్థమవుతుంది. కొలతల ఫోల్డరు కనబడితే ఇంట్లో ఉన్నట్టు. కనబడకపోతే ఇంకా డేరాలో ఉన్నట్టు. డేరాలో ఉన్నంతసేపూ నోరు మూసుకుని కూర్చోవాలి. కొత్త పెన్‌డ్రైవు పెడుతున్నాను. ఇది గుచ్చాక మీకు కూత వినిపిస్తే నా పేరు మార్చుకుంటాను.

ఒక్క మాట మాత్రం వినండి. మీ పెట్టె నిదానం. స్క్రీను నల్లగా ఉందని గాభరా పడి మాటిమాటికీ స్విచ్చి ఆపి వేయకండి. డేరాలో ఉన్నప్పుడు కదిపితే మొదటికొస్తుంది. ముట్టుకోకుండా, అరవకుండా, అది ఇంట్లోకి వెళ్ళేదాకా ఓపికపట్టండి. మీకు ఓపిక లేదని నాకు తెలుసు, అయినా రాస్తున్నాను.

ఇట్లు,
పదిమంది మీద అధికారి,
మీ బావమరిది

తాజా కలం: పైన "నోరు మూసుకుని కూర్చోవాలి" అన్నది స్క్రిప్టుని. మళ్ళీ మీ మీదకి తెచ్చుకోకండి.


బావమరిదికి,

నువ్వు చెప్పిన పెన్‌డ్రైవు గుచ్చాను. కూత ఆగిపోయింది. ఆ రోజు సాయంత్రం మీ అక్కతో, "మీ తమ్ముడు మనిషయ్యాడు" అని కూడా అన్నాను. ఆవిడ నా ముఖం వంక అదోలా చూసి వంటగదిలోకి వెళ్ళిపోయింది. తమ్ముణ్ణి మెచ్చుకుంటే ఓర్వలేని అక్కని నేనెక్కడా చూడలేదు.

కూత ఆగిపోయిందని రాశాను కదా. కూతతో పాటు మిగతావన్నీ ఆగిపోయాయి. స్క్రీను నల్లగా ఉంది. మూలన తెల్ల అక్షరాలు కొన్ని, వాటి చివర ఒక గీత వెలిగి ఆరుతూ ఉంది. మొదటి రోజు పొద్దుటి నుంచి దాని ముందు కూర్చున్నాను. డేరాలో ఉందనుకున్నాను. రెండో రోజూ డేరాలోనే ఉందనుకున్నాను. వారమైంది. ఏమిటిది, డేరానా, కాపరమా?

ఎందుకు ముట్టుకోలేదని అడుగుతావేమో. నువ్వు ముట్టుకోవద్దన్నావు. నాకు ఓపిక లేదని కాగితం మీద రాశావు. ఓపికంటే ఏమిటో నీకు చూపిద్దామనే కూర్చున్నాను. స్విచ్చి ఆపలేదు. అరవలేదు. పక్క వీధి వాడు కిటికీలోంచి తొంగిచూసి, "ఏంటన్నయ్యా, టీవీ పాడైందా" అని అడిగినా పళ్ళు నూరుకున్నానే గాని మాట తూలలేదు. నిన్న ఒక్కసారి మోచెయ్యి తగిలి ఏదో మీట నొక్కుకుంటే, ఇంకో పంక్తి వచ్చింది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అట. నా సొంత పళ్ళతో నేనే పలకలేకపోయాను, నా దగ్గర పళ్ళు కట్టించుకున్నవాళ్ళు ఏం పలుకుతారు?

అసలు బాధ అది కాదు. ఈ వారంలో ఆసుపత్రి నుంచి ఒక్క పనీ రాలేదు. రోజూ వచ్చే కుర్రాడు మా గుమ్మం ముందు నుంచే సైకిలు తొక్కుకుంటూ పోతున్నాడు. పిలిస్తే చెయ్యి ఊపుతున్నాడు. అయిపోయింది. పెద్ద డాక్టరు అన్నంత పనీ చేశాడు. పనంతా వాడికిచ్చేశాడు. నేను బతికిందంతా ఆ బల్ల మీదే. ఇప్పుడా బల్ల తుడిచి, తుడిచిన బల్లనే మళ్ళీ తుడుస్తున్నాను.

ఇంత జరుగుతుంటే మీ అక్కకి చీమ కుట్టినట్టు కూడా లేదు. పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోతోంది, పొద్దుగూకి వస్తోంది. ఎక్కడికని అడిగే ఓపిక నాకు లేదు. ఉన్న ఓపికంతా నీ డేరా తినేసింది.

నీ తెలివితేటల్ని నమ్మి నా అచ్చులు నా చేతులతో పారబోసుకున్నాను. వర్క్‌షాపు ముయ్యాల్సివస్తే తాళం చెవి నీకే పంపుతాను. మెళ్ళో వేసుకో.

ఇట్లు,
ఖాళీగా ఉన్న,
మీ బావ

తాజా కలం: ఈసారి ఉత్తరం నేనే పోస్టు చేస్తున్నాను. మీ అక్క ఇంట్లో లేదు. స్టాంపులెక్కడ పెడుతుందో తెలియక అలమారా అంతా పీకాను. కవరు మీద అంటించినవి పాత స్టాంపులైతే జరిమానా నువ్వు కట్టి తీసుకో.


బావగారికి,

జరిమానా కట్టి తీసుకున్నాను. చదివాక కుర్చీలో కూర్చోలేకపోయాను.

మోచేత్తో మీరు నొక్కితే వచ్చిన ఆ పేరు డేరాదే. పెట్టె మీకు వారం నుంచీ ఒకే మాట చెబుతోంది. "నేను డేరాలో ఉన్నాను, ఇల్లు కనబడటం లేదు" అని. తలుపు తెరుచుకోవడం ఆలస్యం కావడం కాదు, అసలు తలుపే లేదు. డిస్కు పోయింది బావగారూ. దవడలన్నీ అందులోనే ఉన్నాయి.

మరి కాపలా స్క్రిప్టు ఎందుకు కూయలేదంటారా? నేను రాసింది ఇవాళ మళ్ళీ చదివాను. కొలతలు కనబడితే ఇంట్లో ఉన్నట్టు, కాబట్టి కూయనక్కరలేదు. కనబడకపోతే డేరాలో ఉన్నట్టు, కాబట్టి కూయకూడదు. ఇక అది కూసేదెప్పుడు? ప్రళయం వచ్చినా కూయదు. దొంగలు వచ్చి పెట్టెని భుజాన పెట్టుకుని పోతున్నా కూయదు. కాపలాదారుని పెట్టి, వాడి నోట్లో నేనే గుడ్డలు కుక్కాను. పదిమందికి పని చెప్పేవాణ్ణి. ఈ నాలుగు పంక్తులు వాళ్ళలో ఎవడు రాసినా ఆ రోజే ఇంటికి పంపేవాణ్ణి.

దారి లేక ఇలా రాశానా అంటే అదీ కాదు. డేరాకి దాని గుర్తు దానికుంది. ఇది డేరా అని తెలిసేలా అందులో ఒక చిన్న ఫైలు బోర్డులాగా వేలాడుతూ ఉంటుంది. ఇంట్లో ఆ ఫైలు ఉండదు. వెళ్ళి ఆ బోర్డు ఉందా లేదా చూడు, ఎంతకీ డేరా దాటకపోతే అప్పుడు కూయి అంటే సరిపోయేది. ఏది లేదో దాన్ని బట్టి కాకుండా, ఏది ఉందో దాన్ని బట్టి తేల్చుకోవాలి. మీ మీద కోపంలో, త్వరగా మీ నోరు మూయించాలన్న తొందరలో, ఏది కనబడటం లేదో అదే చూశాను.

కానీ నాకు మీ మీదా కోపంగా ఉంది. వారం రోజులు. ఒక మనిషి నల్ల స్క్రీను ముందు వారం రోజులు కూర్చుంటాడా? ముట్టుకోవద్దంటే నా మాట ఇన్నేళ్ళలో ఏనాడైనా విన్నారా? వినక వినక వినడానికి ఇదే దొరికిందా?

ఆ పెట్టెని ఇప్పుడు నిజంగానే ముట్టుకోకండి. సెలవు పెట్టాను. అది మంజూరు కాగానే దొరికిన బండి ఎక్కి వస్తాను. చచ్చిన డిస్కుల్లోంచి కూడా ఎంతో కొంత లాగే మనిషి ఒకడు తెలుసు. అతని కాళ్ళు పట్టుకుంటాను, తరువాత మీ కాళ్ళు పట్టుకుంటాను. డాక్టరుగారితోనూ నేనే మాట్లాడతాను.

ఇట్లు,
తలెత్తుకోలేని,
బావమరిది

తాజా కలం: వచ్చాక కొట్టేదుంటే వేలికి కట్టు లేని చేత్తో కొట్టండి. మళ్ళీ తగిలించుకుంటే అక్క నన్నే అంటుంది.


తమ్ముడికి,

అక్క దీవెనలు. మీ బావకి రాసిన నీ ఉత్తరం నేను విప్పాను. బండి ఎక్కకు, సెలవు దండగ.

డిస్కు నా చేతిసంచీలో ఉంది.

రోజూ పొద్దున్నే దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, సాయంత్రం తెచ్చుకుంటున్నాను. పెద్ద డాక్టరుతో మాట్లాడి వచ్చానని నీకు రాశాను. ఏమన్నారని నువ్వూ అడగలేదు. హెడ్మాస్టరు ఫిర్యాదు చేసిన రోజే ఆయన పనంతా పక్క వీధికి పంపేయబోయారు. కాగితం కూడా రాసి పెట్టారు. నేను ఆ గదిలోంచి కదలనన్నాను. కూసే పెట్టె ఉన్నచోటికి మా పేషెంట్ల పని పంపనమ్మా, కావాలంటే ఇక్కడే చేసి చూపించండి అన్నారు. ఆసుపత్రి మేడ మీద ఒక గది ఉంది. ఎప్పుడో కొన్న చెక్కుడు మిషను దుప్పటి కప్పుకుని పడుంది. కిటికీ అద్దం పగిలితే ఎక్స్‌రే ఫిల్ము అంటించారు. ఎవరిదో ఛాతీ లోంచి వెలుతురు వస్తుంది. రంగు కలపడం తప్ప మిగతా పనంతా ఇన్నేళ్ళూ మీ బావ పక్కన చేసినదాన్నే, సరేనన్నాను. కొలతలు కావాలి కదా. మీ బావ నీ రెండో పెన్‌డ్రైవు గుచ్చిన రోజు, ఇంకా స్విచ్చి వేయకముందు ఆయన టీకి వెళ్ళినప్పుడు పెట్టె మూత తీసి, డిస్కు ఊడదీసి సంచీలో వేసుకున్నాను. ఎక్స్‌రే తీసే అబ్బాయి అక్కడి కంప్యూటరుకి తగిలించాడు. దవడలన్నీ క్షేమంగా ఉన్నాయి.

దొంగతనంగా చేయాలని చేయలేదు. డిస్కు తీస్తే పెట్టె కూస్తుందనుకున్నాను. కూత విని ఆయన గాభరాగా ఇంటికి పరుగెత్తుకొస్తారు, ఏం చేశావే అని అరుస్తారు, అప్పుడు కూర్చోబెట్టి అంతా చెబుదామనుకున్నాను. ఆ సాయంత్రం వంట కూడా తొందరగా ముగించి కూర్చున్నాను. ఆయన నవ్వుతూ వచ్చి, "ఇవాళ కూత లేదు, మీ తమ్ముడు మనిషయ్యాడు" అన్నారు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. మీ ఇద్దరి కోపం లాంటిది కాదు, మీది అరిస్తే తగ్గుతుంది. సరే, పెట్టెకి తెలియలేదు, నువ్వు దాని నోరు కట్టేశావు. మరి మనిషికో? మర్నాడు పొద్దున్నే ఆయన కళ్ళ ముందే సంచీ తగిలించుకుని వెళ్ళాను. వేళ్ళ నిండా ప్లాస్టరు పొడితో తిరిగి వచ్చాను. ఎక్కడికని ఒక్క ముక్క అడగలేదు. ఆ నల్ల స్క్రీను ఇంట్లోకి ఎప్పుడు వెళ్తుందా అని చూస్తున్న మనిషికి, ఇంట్లోంచి నేను బయటికి వెళ్ళడం కనబడలేదు. చెప్పకూడదని పంతం పట్టాను. ఏ రోజుకారోజు, ఇవాళ అడుగుతారేమో అనుకుంటూనే ఉన్నాను. నాకు బాధగానే ఉంది తమ్ముడూ, రాయడానికేం సిగ్గు.

వారం పని వేళకి అందింది. నిన్న డాక్టరు ఆసుపత్రి పని మొత్తం మళ్ళీ మనకే ఇస్తూ కాగితం రాశారు. నా పేరున రాశారు. వర్క్‌షాపు ముయ్యనక్కరలేదు, ఎవరి దగ్గరా ప్లాస్టరు కలపనక్కరలేదు. ఆయన రావచ్చు, ఇక్కడ రెండో కుర్చీ ఉంది. కానీ ఆయనే మెట్లెక్కి రావాలి. నేను పిలవను.

ఈ ఉత్తరానికి ఒక నకలు రాసి, పొద్దున వర్క్‌షాపులో ఆ నల్ల స్క్రీనుకి అంటించి వచ్చాను. దాన్నైతే తప్పకుండా చూస్తారు.

నువ్వా బోర్డు చూసే స్క్రిప్టు రాసి పంపు. ఈసారి నా పేరున పంపు.

ఇట్లు,
మీ అక్క

తాజా కలం: పోస్టు చేద్దామని కిందికి దిగబోతే మెట్ల దగ్గర మీ బావ. చేతిలో స్క్రీను మీంచి పీకిన నా ఉత్తరం నకలు, సగం చిరిగి ఉంది. "నేను నిన్ను అడగాల్సింది" అన్నారు. ఆ ఒక్క ముక్కే అన్నారు, అది కూడా మెట్ల వంక చూస్తూ. ఆ తరువాత పైకి వచ్చి, బల్ల మీది సెట్టు చేతిలోకి తీసుకుని, పళ్ళ రంగు తప్పు కలిపానని అరవడం మొదలుపెట్టారు. ఇన్నాళ్ళూ రంగు కలపడం ఆయన పని, ఈమధ్యే నేను చేస్తున్నాను. కిటికీలో ఉన్న ఛాతీ దగ్గరికి వెళ్ళి ఆ వెలుతురులో చూశాను. నిజంగానే తప్పు కలిపాను. ఇంకా ఒప్పుకోలేదు. కాసేపు అరవనీ, వారం పైనే అయింది ఆ గొంతు నా మీద లేచి.